శుభ్రమైన శాంపిల్

జూన్ 27

పదమూడు రోజులైంది. ఆ రోజు సంగతి వరసగా రాసి పెడుతున్నాను. మరిచిపోతానని కాదు. ఒకసారి రాస్తే మళ్ళీ మళ్ళీ తలచుకునే పని తప్పుతుందని.

జూన్ 14. గుంటూరు ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. తెల్లవారి ఐదింటికి నాగమల్లేశ్వరి లేచింది. ముఖం తుడిచాను. తల దువ్వమంది. దువ్వాను. పాపిడి వంకరగా తీశానని అద్దం లేకుండానే కనిపెట్టింది. ఏడింటికి నర్సు వచ్చి పొట్టకున్న సంచి మార్చింది. ఏప్రిల్‌లో ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆ సంచి ఉంది. పెద్దపేగులో గడ్డ పెరిగి దారి మూసేసింది. ఐదు రోజులు ఏదీ కిందికి పోలేదు. పొట్ట ఉబ్బి, తాగిన నీళ్ళు కూడా కక్కుతుంటే గుంటూరు తీసుకువచ్చాను. గడ్డ తీశారు. అప్పటికే కాలేయానికి పాకింది.

తొమ్మిదింటికి మజ్జిగ అడిగింది. రెండు చెంచాలు తాగింది.

“నువ్వు తిన్నావా?” అంది.

తిన్నానన్నాను.

“ఏం తిన్నావు?”

ఇడ్లీ అన్నాను.

“చట్నీ ఏంది?”

దొరికిపోయాను. నవ్వింది. నవ్వితే పొట్ట నొప్పి, అయినా నవ్వింది.

పదకొండింటికి డాక్టరు చూసి నన్ను వరండాలోకి పిలిచాడు. సాయంత్రం దాకా అన్నాడు. ఆ వెంటనే ఇంకో మాట: ఈమెకు తోబుట్టువులుంటే వాళ్ళకూ పేగు పరీక్ష చేయించండి, ఆలస్యం చేయొద్దు. లోపలికి వచ్చాక ఏమన్నాడని అడిగింది. రెండో మాట ఒక్కటే చెప్పాను. “అక్కను తీసుకొచ్చి చూపించు” అంది. తర్వాత నిద్రపోయింది. నాలుగూ పదికి ఊపిరి ఆగింది. ఆ సమయానికి నేను నర్సు కోసం గుమ్మం దగ్గర ఉన్నాను.

వినుకొండ మీదుగా అంబులెన్స్ రాత్రి తొమ్మిదిన్నరకు మార్కాపురం చేరింది. అంతే.

జూన్ 29

పెరుగు తోడుకోలేదు. ఇది మూడోసారి.

జులై 1

ఫ్యాక్టరీకి వెళ్ళాను. రెండు లారీల పలకరాయి వచ్చి ఉంది. పనివాళ్ళు నా ముఖం చూడకుండా మాట్లాడారు. నేనూ అంతే. నేను బాగానే ఉన్నాను.

వదినకు, నాగమల్లేశ్వరి అక్కకు, ఇంకా చెప్పలేదు. పదకొండో రోజున ఇక్కడే ఉంది, చెప్పి ఉండవచ్చు. అంతమంది ముందు పేగుల మాట ఎలా ఎత్తడం?

జులై 3

మస్తానమ్మ ఫోన్ చేసింది. ఆసుపత్రిలో పరిశోధన చేసే అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి. సొంత ఊరు కనిగిరి. ఏప్రిల్‌లో నాగమల్లేశ్వరి మలం శాంపిల్ కోసం వచ్చింది ఆమే. అంత నొప్పిలోనూ నాగమల్లేశ్వరి, “ఐదు రోజుల నుంచి నాకే దొరకనిది నీకు యాడ్నుంచి తెచ్చియ్యాల తల్లీ” అంది. మస్తానమ్మ నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోయింది. చివరికి ఆపరేషన్ బల్ల మీద తీసుకున్నారు.

ఆమె పని ఇదీ. పేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళలో కొందరికి దారి మూసుకుపోతుంది, కొందరికి పోదు. ఈ రెండు రకాల మనుషుల పేగుల్లో బ్యాక్టీరియా ఒకేలా కనిపించడం లేదట. తేడా ఎక్కడిదో తెలియాలంటే పోల్చి చూడడానికి జబ్బు లేనివాళ్ళవి కావాలి. ఒకే కుండలో కూడు తిన్న మనిషిది, ఒకే కడుపున పుట్టిన మనుషులవి. అంటే నాది, పెద్దారవీడులో ఉన్న వదినది, యర్రగొండపాలెంలో ఉన్న బావమరిది ఓబులేసుది.

“మీకు కష్టంగా ఉంటే వద్దు సార్” అంది.

కష్టమేం లేదన్నాను. సైన్సు పని. నేను బి.ఎస్సీ. చదివినవాణ్ణి.

పెట్టేసే ముందు, పెరుగులో ఉండే బ్యాక్టీరియా కూడా పేగుల్లో ఉండిపోతుందా అని అడిగాను. ఎందుకు అడిగానో ఆమె అడగలేదు.

“పెరుగువి వచ్చిపోయే చుట్టాలు సార్. ఎక్కువ రోజులు ఉండవు” అంది.

మంచిది. తెలిసింది.

జులై 8

మూడు పెట్టెలు వచ్చాయి. ఒక్కో పెట్టెలో వేలెడంత గొట్టం, దాంట్లో ఏదో ద్రవం, మూతకే అతికించిన చిన్న చెంచా. శనగ గింజంత చాలు. ఐసు అక్కర్లేదు. జతగా ఒక ఇంగ్లిష్ కాగితం, తొమ్మిది సూచనలు.

వదిన కోసం తెలుగులో తిరగరాశాను. తొమ్మిదికి ఎనిమిది రాశాను. ఏడోది మరిది వదినకు రాయదగ్గ మాట కాదు. ఆమెకు దాంతో పనీ ఉండదు.

నా పెట్టెలో ఫారం కూడా ఉంది. మూడో ప్రశ్న: ఇంట్లో మీతో కలిసి తినేవారు ఎంతమంది? అక్కడ ఆపాను. ఫ్యాక్టరీలో పని ఉంది.

జులై 10

పెద్దారవీడు వెళ్ళాను. వదిన వెంకటసుబ్బులమ్మ పంచలో కందిపప్పు చెరుగుతోంది. ఆమె భర్త తిరుపతయ్య అన్న నులకమంచం మీద ఉన్నాడు. పెట్టె తీసి ముందు పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాగితం ఇచ్చాను. వదిన అయిదో తరగతి దాకా చదివింది. పెదాలు కదిలిస్తూ మొత్తం చదివి, చేట కింద పెట్టింది.

“ఏంది మరిదీ, నా చెల్లెలు పోయి నెల గాలే, నా దొడ్డి మీద పడినావు.”

అన్న లేచి కూర్చున్నాడు. “నలభై ఏండ్ల కాపురంలో నేనెన్నడూ అడగలేదు గదరా. నువ్వు అడిగినావు. గట్టోడివే.”

“నాకోసం కాదు అన్నా, గుంటూరులో పరిశోధన…”

“యాడికైతేనేం, అడిగింది నువ్వే గదా” అన్నాడు.

నవ్వకుండా ఉండాలనుకున్నాను. వదిన ముందు నవ్వింది. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దేనికో తెలియదు. నేను చేట వైపు చూశాను.

ఆ ఊపులోనే రెండో సంగతి చెప్పాను. డాక్టరు తోబుట్టువులకు గొట్టం పెట్టి చూసే పరీక్ష చేయించమన్నాడని.

“గొట్టమా? యాడ పెడతారు?”

“కింద నుంచి.”

వదిన నా వైపు కాసేపు చూసింది. “డబ్బీ అంటే ఇస్తా. చెల్లెలు ఇచ్చిందంటున్నావు గాబట్టి ఇస్తా. ఆ గొట్టం మాట ఇంకోసారి ఎత్తితే ఈ ఇంట్లో కూడు పెట్టను.”

అని కూడు పెట్టింది. కొర్రన్నం, గోంగూర, ఎర్రగా కాగిన పాల పెరుగు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

జులై 13

అన్న మోటార్ సైకిల్ మీద వచ్చి వదిన శాంపిల్ ఇచ్చిపోయాడు. కొత్త తువాలులో చుట్టిన స్టీలు క్యారియర్. పై గిన్నెలో నాకు సజ్జ రొట్టెలు. కింది గిన్నెలో శాంపిల్. రెంటికీ మధ్య ఒక ఖాళీ గిన్నె, “మడి కోసం” అన్నాడు అన్న.

రొట్టెలు తిన్నాను.

జులై 14

ఓబులేసుది బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. శనగ గింజంత అని నేను రాశాను. గొట్టం నిండా కుక్కి, మూత పట్టక రబ్బరు బ్యాండు వేశాడు. ఫోన్ చేసి అడిగితే, “అంత దూరం పంపేది, కొంచెం పంపితే ఏం మర్యాద బావా” అన్నాడు.

ఇంకో గొట్టం పంపుతానని చెప్పాను.

వదినది బస్టాండులో పార్శిల్ ఆఫీసుకు తీసుకువెళ్ళాను. గుమస్తా పెట్టె అటూ ఇటూ తిప్పి, లోపల ఏముందన్నాడు. ల్యాబు వస్తువు అన్నాను.

“లిక్విడా సార్, సాలిడా? రాయాలి.”

ఆలోచించాను. “రెండూ” అన్నాను.

ఇంటికి నడిచి వస్తూ, నాగమల్లేశ్వరికి చెప్పాల్సిన విషయం ఒకటి దొరికిందనుకున్నాను. సందు మలుపు దాకా అనుకున్నాను.

జులై 16

నాది ఇంకా ఇవ్వలేదు. లోడు ఉంది.

జులై 18

లోడు ఉంది.

జులై 20

పొద్దున మస్తానమ్మ ఫోన్.

“సార్, పెద్దమ్మ శాంపిల్‌లో చూడ్డానికి ఏం లేదు. కడిగిన పళ్ళెం లాగుంది. విరేచనాల మందేమన్నా వాడినారా? కాగితంలో రాసినాం గదా, ఏడో పాయింటు.”

కనుక్కుంటానని పెట్టేశాను. వదినకు ఫోన్ చేశాను.

“వాడక ఏంది మరిదీ? రెండు దినాలు పస్తుండి, ఆముదం తాగి, మూడోనాడు తీసిన. గుంటూరు పోయేది, చదువుకున్నోళ్ళు చూసేది, ఇంట్లో ఉన్న మురికంతా అట్లనే మూట గట్టి పంపుతామా? మనల్ని గురించి ఏమనుకుంటారు?”

“వాళ్ళకు ఆ మురికే కావాలి వదినా.”

“మురికి కావాల్నని ఒక్క మాట రాయొద్దా? రెండు దినాలు ఉత్తపుణ్యానికి పస్తున్నా గదా.”

తప్పు నాదేనన్నాను. ఏడో సూచన వదిలేశానని చెప్పాను.

“ఎందుకు వదిలినావు?”

“నీకు ఎలా రాయాలో తెలియక.”

“సరిపోయింది” అని నవ్వింది. తర్వాత, మామూలుగా, వాన రాలేదని చెప్పినట్టు చెప్పింది. “ఆముదం నాకేం కొత్త గాదులే. ఉగాది కాడ్నుంచి వారానికోసారి తాగుతానే ఉండా. తాగకుంటే నాలుగు దినాలైనా పోదు.”

ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళాను. అలమరలో కింది అరన ఆముదం సీసా ఉంది. సగం ఉంది. పోయిన సంవత్సరం దసరా నుంచి నెలకొక సీసా అయిపోయేది. ప్రతి నెలా ఆమె చీటీలో రాసేది, నేనే కొని తెచ్చేవాణ్ణి. తలకనుకున్నాను.

ముప్పై మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ మాట మేము ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

జులై 21

తలకనుకున్నాను.

జులై 22

పొద్దున్నే మొదటి బస్సుకు పెద్దారవీడు. ఈసారి కాగితం ఇవ్వలేదు. వదిన ఎదుట పీట వేసుకుని కూర్చుని అడిగాను. ఎన్ని రోజులకోసారి పోతున్నావు? సన్నగా వస్తోందా? పోయాక ఇంకా ఉన్నట్టే ఉంటుందా? రక్తం పడుతోందా? ఒక్కొక్కటే, నేల వైపు చూడకుండా అడిగాను.

వదిన, “ఇవన్నీ నాగమల్లిని అడిగినావా?” అంది.

“లేదు.”

“అదన్నా చెప్పలేదా?”

“లేదు.”

“నాతోనూ చెప్పలేదు” అంది. “గ్యాసు అనేది. నేనూ గ్యాసే అనుకున్నా.”

అన్న మంచం మీది నుంచి మెల్లగా అన్నాడు. “రక్తం పడింది. పోయిన నెలలో రెండుసార్లు. నాతో చెప్పింది.”

“మూలశంక అని గూడా చెప్పినా గదా. అది చెప్పవే?” వదిన ఆయన మీదికి లేచింది.

“మూలశంకో ఇంకోటో చూసి చెప్పేటోళ్ళు ఉన్నారంట గదా. పోయి చూపించుకో.”

“నువ్వు పెట్టించుకో ఆ గొట్టం. నేను ఈడ్నే ఉంటా.”

అరగంట సాగింది. సిగ్గు, వయసు, కంది చేలో కలుపు, పరాయి మొగవాళ్ళు. ఒక్కొక్క కారణం అయిపోయేకొద్దీ ఇంకోటి తెచ్చింది. నాకు మాటలు అయిపోయాయి. మస్తానమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ముందు సంగతంతా చెప్పాను.

“పెద్దమ్మా, ఆ ఆముదం ముందు మానెయ్యండి. ఇంక దాని జోలికి పోవద్దు” అంది మస్తానమ్మ. “డాక్టరు చూసి చెప్పిందే తాగాల. ఇంకో మాట. గొట్టం పరీక్షకు కడుపు అద్దం మాదిరి కడిగి ఉండాల. అందురు సగం తాగి సగం పారబోస్తారు. మళ్ళా రమ్మంటాం. మీ శాంపిల్ చూసి మేమందరం అనుకున్నాం, ఇంత శుభ్రం ఈ ఆసుపత్రిలో ఎవురూ చెయ్యలేదని.”

వదిన కొంగు సర్దుకుంది. ఫోన్‌కు దగ్గరగా వంగింది. “అంత బాగుందా?”

“ఒక్క చుక్క మిగలలేదు పెద్దమ్మా.”

వదిన మా ఇద్దరి వైపూ తిరిగింది. “విన్నారా? నేను చేసింది తప్పు గాదంట. మీరు తెచ్చిన పరీక్ష తప్పంట.”

అన్న పైకప్పు వైపు చూస్తున్నాడు. నవ్వితే పని చెడుతుందని ఇద్దరికీ తెలుసు.

“ఆ పిల్లే పక్కనుండాల. మొగోళ్ళు ఎవురూ లోపలికి రాకూడదు. మీ అన్న అసలే రాకూడదు” అంది వదిన.

ఆగస్టు 2కు రాయించాను. ఇది సైన్సు కోసం కాదు. రాసి పెట్టుకోవాలి.

జులై 26

మస్తానమ్మ చెప్పినట్టు వదిన ఆముదం మానేసింది. ఇక్కడి డాక్టరు ఇచ్చిన పొడి నీళ్ళలో కలుపుకుని తాగుతోంది. పొట్ట ఉబ్బు లేదు, వాంతి లేదు. రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి అడుగుతున్నాను. సాయంత్రం ఫోన్‌కు వదిన, “పోయినా. సంతోషమా?” అని పెట్టేసింది.

సంతోషమే.

ఆగస్టు 1

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి మధ్యాహ్నానికి గుంటూరు. ఆసుపత్రి ఎదుటి సందులో గది తీసుకున్నాం. లోపల బాత్రూము ఉన్న గది కావాలని మూడు చోట్ల తిరిగాను. మూడు చోట్లా కారణం చెప్పాల్సి వచ్చింది. మూడో చోట బాగానే చెప్పాను.

నాలుగింటికి మొదలు. రెండు లీటర్ల మందు నీళ్ళు. వదిన ఒక గుక్క తాగి, “ఉప్పు పోసిన పానకం మాదిరుంది. ఆముదమే నయం” అంది. మమ్మల్ని బయటికి పంపి తలుపేసుకుంది. నేనూ అన్నా వరండాలో బల్ల మీద కూర్చున్నాం. తలుపు చప్పుడు విన్నప్పుడల్లా అన్న ఒక వేలు ముడిచాడు. చేతులు రెండూ అయిపోయాక నా చెయ్యి అడిగి తీసుకున్నాడు. పద్నాలుగు.

“మా పెండ్లయిన కొత్తలో ఇదే ఊరికి సినిమాకు తెచ్చినా” అన్నాడు. “ఇంత శ్రద్ధగా చూడలేదు అప్పుడు.”

లోపలి నుంచి వదిన, “వినపడతాంది” అంది.

ఆగస్టు 2

తొమ్మిదింటికి లోపలికి తీసుకుపోయారు. మస్తానమ్మ మాటిచ్చినట్టు పక్కనే ఉంది. నేను మూడో అంతస్తు మెట్ల వైపు చూడలేదు. అన్న చూశాడు, నా భుజం మీద చెయ్యి వేశాడు. తీయలేదు.

నలభై నిమిషాలు. డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. పేగులో రెండు చోట్ల చిన్న కండ పిలకలు ఉన్నాయి. పెద్దది గోళీ కాయంత. రక్తం దాని నుంచే. రెండూ అక్కడికక్కడే తీసేశారు. ముక్క పరీక్షకు పంపారు, పన్నెండు రోజులు పడుతుంది. మలబద్ధకం సంగతి వేరే. రోజుకు ఆరు టీలు, మూడు గ్లాసుల నీళ్ళు, మధ్యలో ఆముదం. నీళ్ళు తాగమంది.

“ఇంతేనా?” అన్నాడు అన్న. “నీళ్ళు తాగమని నేను నలభై ఏండ్లుగా చెప్తానే ఉండా.”

వదిన మత్తు దిగుతూ మొదట అడిగిన మాట, “శుభ్రంగా ఉన్నిందా?” మస్తానమ్మ ఉందని చెప్పింది. మళ్ళీ నిద్రపోయింది.

మధ్యాహ్నం మస్తానమ్మను క్యాంటీన్‌లో పట్టుకున్నాను. నెల రోజులుగా అడగాలనుకున్నది అడిగాను. నాగమల్లేశ్వరి పేగులో కనిపించిన తేడా దారి మూసుకుపోక ముందే ఉందా, మూసుకున్నాక వచ్చిందా? ఆరు నెలల ముందు చూసి ఉంటే తెలిసేదా?

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది.

“తెల్దు సార్. దారి మూసుకుంటే రెండు మూడు రోజుల్లోనే లోపలంతా మారిపోతాది. తిండి పోదు, గాలి పోదు, కొన్ని రకాలు చస్తాయి, కొన్ని పెరుగుతాయి. ఆంటీ శాంపిల్ అప్పుడు తీసిందే. ముందెట్ల ఉన్నిందో అది చెప్పదు. ఎంతమందివి చూసినా ఏది ముందో, ఏది తర్వాతో మాకింకా తేలలేదు. మీ అందరివీ అడిగేది అందుకే.”

“పరీక్ష చేయించి ఉంటే?”

“గడ్డ కనపడేది సార్” అంది. చూపు తిప్పుకోలేదు. “ఎప్పుడు చేయించి ఉంటే ఎంత చిన్నగా కనపడేదో ఎవురూ చెప్పలేరు.”

టీ తాగాం. ఆమె అబద్ధం చెప్పనందుకు మనసు తేలికైంది. ఇలా అవుతుందనుకోలేదు. ఆకలి వేసింది. వడ తిన్నాను. చట్నీ అల్లంది.

ఆగస్టు 5

ఫోన్ రాలేదు. వస్తుందనీ అనుకోలేదు, ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆగస్టు 7

నా శాంపిల్ ఇచ్చాను. ఫారంలో మూడో ప్రశ్నకు ఇలా రాశాను: ‘ఏప్రిల్ వరకు ఒకరు.’ చదివితే సరిగానే ఉంది.

పార్శిల్ గుమస్తా నన్ను గుర్తుపట్టాడు. “రెండూనా సార్?” అన్నాడు. ఈసారి సాలిడ్ అన్నాను.

ఆగస్టు 9

ఫోన్ రాలేదు.

వదిన రెండో శాంపిల్ పంపింది. కడగకుండా. క్యారియర్‌తో పాటు అన్న చేతికి ఒక చీటీ ఇచ్చింది: ‘మరిదికి. పస్తు లేదు. ఆముదం లేదు. మూడు పూటలా తిన్నాను. ఇంక వాళ్ళిష్టం.’

ఆగస్టు 11

ఫోన్ చూడడం మానేశాను. ఫ్యాక్టరీలో మూడుసార్లు, బజారులో రెండుసార్లు చూశాను.

వదిన బాగుంటుంది. గోళీ కాయంతే కదా. నాగమల్లేశ్వరిది ఎంతుండేదో నేను అడగలేదు.

ఆగస్టు 12

పెరుగు తోడుకుంది. తోడు వదినది.

ఆగస్టు 14

పదకొండున్నరకు ఫోన్. ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను ఆపించి విన్నాను. రెండు పిలకల్లోనూ క్యాన్సర్ లేదు. పెద్దది మాత్రం ఆ దారి పట్టిందట. అలాగే వదిలేస్తే కొన్నేళ్ళకు క్యాన్సర్‌కు తిరిగేదట. ఇప్పుడు మొత్తం పోయింది. మూడేళ్ళకు మళ్ళీ చూస్తారు.

మళ్ళీ చెప్పమన్నాను. మస్తానమ్మ మళ్ళీ చెప్పింది. ఇంకోసారి అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. స్కూటరు మీద పెద్దారవీడు పోయాను. దారిలో వాన పట్టుకుంది. ఈ సంవత్సరం ఇటువైపు మొదటి మంచి వాన. ఆగలేదు. పంచలోకి పోయేసరికి బట్టలు ఒంటికి అంటుకుపోయాయి. వదిన నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను ఇలా పరిగెత్తి రావడం చెడ్డకబురుకే అనుకున్నట్టుంది. చెయ్యి గోడకు ఆనించింది.

“లేదు వదినా. ఏం లేదు. పోయింది.”

“ఏం లేదా?”

“ఏం లేదు.”

“తడిసి చచ్చి ఈ మాట చెప్పేదానికి వచ్చినావా? ఫోన్ లేదా నీకు?” అంటూ తువాలు తెచ్చి నా తల తనే తుడిచింది. గట్టిగా తుడిచింది. అన్న చేలో ఉన్నాడు. వదిన వానలోకి దిగి గట్టు మీద నిలబడి కేక వేసింది: “ఏం లేదంట.” వాన చప్పుడులో అన్నకు వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మళ్ళీ అరిచింది. పక్క చేలో కలుపు తీసే ఆదిలక్ష్మమ్మ విని, ఆయనకు అందించింది. అన్న పార కింద పడేసి, బురదలో అక్కడే కూర్చున్నాడు. లేవలేదు. వదిన పోయి చెయ్యి పట్టి లేపింది.

“లే. నడుము పట్టుకుంటే ఆ పరీక్ష గూడా నాకే చేయిస్తారు” అంటూ.

ఉలవచారు కాచింది. నాగమల్లేశ్వరి పేరు ముగ్గురం చాలాసార్లు ఎత్తాం. పంచ మీద వాన, తిండి, దాని మాటలు. అది ఇక్కడ ఉంటే ఏమనేదో అన్న దాని గొంతుతో అని చూపించాడు. బాగా వచ్చింది. చీకటి పడేదాకా ఉన్నాను.

ఆగస్టు 16

మిగిలింది ఓబులేసు.

శాంపిల్ రెండోసారి సరిగ్గా ఇచ్చాడు కానీ గొట్టం పరీక్ష అంటే ఫోన్ ఎత్తడం లేదు. పురుగుమందుల దుకాణంలో ఉన్నాడని, లేడని, శ్రీశైలం పోయాడని భార్య కృష్ణవేణమ్మ చెప్తోంది. వెనక నుంచి వాడి దగ్గు వినపడుతోంది.

ఈ రోజు వదిన మా ఇంటికి వచ్చి తనే ఫోన్ చేస్తానంది. కొత్త నంబరనుకుని ఎత్తుతాడని అన్న నంబరు వద్దంది, నాది వద్దంది, చివరికి మా ఫ్యాక్టరీ గుమస్తాది తెప్పించి స్పీకర్ పెట్టింది. ఎత్తాడు.

“ఒరే ఓబులేసూ, పెట్టెయ్యొద్దు. మీ అక్కను.”

“అక్కా, నాకేం లేదు.”

“నాకూ ఏం లేదనే అన్నా. గోళీ కాయంత ఉన్నింది. చిన్నక్క గూడా ఏం లేదనే అనింది.”

వదిన గొంతు దించింది.

“నీకేమన్నా అయితే ఇంక నన్ను అక్కా అనేటోడు ఎవుడు మిగుల్తాడురా?”

వాడు, “ఆ నీళ్ళు తాగాలంటేనే భయం అక్కా. నాకు వాంతి. ఒక్కణ్ణే కూర్చొని తాగలేను” అన్నాడు.

“ఒక్కడివి గాదు. బావ తాగుతాడు నీతో.”

నేను చెయ్యి అడ్డం ఊపాను. వదిన చూడనట్టే ఉంది.

“బావ నిజంగా తాగుతాడా?”

“గ్లాసుకు గ్లాసు తాగుతాడు. నువ్వు ఆపితే ఆయన ఆపుతాడు.”

ఎల్లుండికి రాయించాను. మస్తానమ్మతో మాట్లాడాను. నాకు ఆ మందుతో పని లేదని, మంచినీళ్ళు తాగితే చాలని అంది. వదిన ఇంకో గంట కూర్చుని అన్నీ నేర్పింది. ముఖం ఎలా ముడవాలి, ఎన్నో గ్లాసుకు ముక్కు మూసుకోవాలి, మధ్యలో ఎప్పుడు లేచి బాత్రూమ్ వైపు పరిగెత్తాలి. రెండుసార్లు చేయించింది. రెండోసారి, “నమ్ముతాడు” అంది.

రేపు ఉదయం ఆరింటి బస్సుకు యర్రగొండపాలెం పోతాను. కృష్ణవేణమ్మ కూడా వెంట వస్తుంది, గదిలో వాడికి కనపడకుండా నా గ్లాసు మంచినీళ్ళతో వేరే నింపి ఉంచుతుంది. వాణ్ణి, వాడి మందు సంచినీ వెంటబెట్టుకుని గుంటూరు చేరుస్తాను. సాయంత్రం నాలుగింటికి వాడి ఎదురుగా కూర్చుని, ముఖం ముడిచి, మొదటి గ్లాసు నేనే తాగుతాను.